బచ్చలింటి చిలక

చాకలి సబ్బు వాసన తగిలితే ఎవరికైనా ఉతికిన బట్టలు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం మరమేకు గుర్తుకొస్తుంది. మొన్న ఆదివారం మా ఆవిడ పెరట్లో బట్టలకు సబ్బు పెడుతుంటే ఆ ఘాటు నా కుర్చీ దాకా వచ్చింది. చేతిలో పేపరు ఉన్నది ఉన్నట్టే ఉంది గాని, కుడి మణికట్టు మాత్రం నన్నడక్కుండానే ఒక చుట్టు తిరిగింది. మరమేకుకు కాస్త సబ్బు రాసి, తిరుపుళి మొనను దాని తల గాడిలో ఆనించి, తొందరపడకుండా తిప్పితే ఎంత మొండి చెక్క అయినా దారి ఇస్తుందని నాకు నేర్పింది నాగరత్నమ్మ. ఆ చెయ్యి తిరగడం ఆమె పెట్టిన అలవాటే. జీవితంలో నాకు అబ్బిన విద్యలు తక్కువ కాబట్టి, అబ్బిన ఒకదాని గురించి వివరంగానే రాస్తాను.

ఈ మధ్య మా వఠారంలో దిగినవాళ్ళు ఆమెను చూడలేదు. చూసి ఉంటే మరిచిపోవడం వాళ్ళ చేతిలో ఉండేది కాదు. బెంగుళూరు బళేపేటలో గాజుల అంగడి నారాయణప్పగారి భార్య. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా, నేలలో పాతిన రోలులా ఉండేది. భర్త ఊళ్ళో అందరి చేతులకూ గాజులు తొడిగేవాడు. ఆమె మాత్రం పని మొదలుపెట్టే ముందు తన గాజులను మోచేతి దాకా తోసి, పాత చీర పీలికతో బిగించి కట్టేది. అది మరిచిపోయిన రోజున సుత్తి దెబ్బకొక గాజు చొప్పున పోయేది. ఆ నష్టం గురించి నారాయణప్పగారు ఎన్నడూ నోరెత్తలేదు. సరుకు ఎక్కడ పగులుతోందో తెలిసిన వ్యాపారికి సగం దిగులు ఉండదని ఆయన నాతో ఒకసారి అన్నారు.

ఆమె మంచం కింద ఒక రేకు పెట్టె ఉండేది. అందులో నగలున్నాయని వఠారంలో పుకారు. ఉన్నవి రంపం, ఉలులు, చిత్రిక పట్టే తోపుడు, కన్నాలు వేసే బరమా, మూలమట్టం, ఆకురాయి, చిన్నా పెద్దా తిరుపుళ్ళు. ఒక్కొక్కదానికీ నూనె రాసి, ఒక్కొక్కదాన్నీ విడిగా గుడ్డలో చుట్టి పెట్టేది. బళేపేటలో గాజుల అంగళ్ళకు నాలుగడుగుల్లోనే ఇనుప సామాన్ల అంగళ్ళు ఉండటం నారాయణప్పగారి గ్రహచారం. ఆమె వడ్రంగి కాదు, వడ్రంగి ఇంట పుట్టలేదు, ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆ మాట ఎవరైనా ఎత్తితే, నా ఇల్లు, నా గోడ, నా చెయ్యి, మధ్యలో మీదేమిటని అడిగేది. చేసిన పనులన్నీ గొప్పగా కుదిరాయని కూడా నేను చెప్పను. వంటింటి గోడకు ఆమె కొట్టిన పలక ఒకటి ఆవకాయ జాడీతో సహా కింద పడి, ఆ గోడ ఆ ఏడాదంతా ఎర్రగానే ఉంది. ఎలా పడిందని అడిగిన వాళ్ళకు ఆమె ఒకటే జవాబు చెప్పేది.

"పలక బాగానే ఉండాది. గోడే తప్పుకునింది."

నేను ప్రొద్దుటూరు వాణ్ణి. జవుళి అంగడిలో గుమాస్తా పని దొరికి బెంగుళూరు వచ్చాను. యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఊరికి దగ్గర్లోనే ఉన్న ఆనేకల్‌లో పెళ్ళి కుదిరింది. మామగారు పట్టుచీరల నేతగాడు. ఆయన మగ్గం మీద పోగు తెగిందంటే ఆ ఇంట్లో ఆ పూట ఎవరూ గట్టిగా మాట్లాడరు. వేసవిలో పెళ్ళయింది, పద్మ కాపురానికి వచ్చింది, ఆషాఢం రాగానే ఆచారం ప్రకారం పుట్టింటికి పోయింది. శ్రావణం వచ్చింది. పద్మ రాలేదు. కొత్త పెళ్ళికొడుకు ఒంటరిగా అన్నం వండుకుంటుంటే వఠారంలో ఎవరూ ఏమీ అనరు. ఊరికే కిటికీ దగ్గర ఆగి, ఇంకా రాలేదా అని మాత్రం అడుగుతారు. ఆ మాట రోజుకు ఎన్ని గొంతులతో వినవచ్చో నాకు అప్పుడే తెలిసింది. నేను ప్రతి గొంతుకూ ఒక హాస్యం చెప్పి పంపేవాణ్ణి. లోపలికి వచ్చాక చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

చివరికి ఆనేకల్ నుంచి జరీ తెచ్చి బళేపేటలో అమ్మే శెట్టి ఒకాయన మా అంగడికి వచ్చి, మామగారి మాట మోసుకొచ్చాడు. ఆయన మాటను ఆయన చెప్పినట్టే చెప్పాడు గాని, వినే చెవి ప్రొద్దుటూరుది.

"ఇంట్లో చిలక లేదంటప్పా. చిలక పెడితేనే బిడ్డను పంపేది అన్నాడు మీ మామ."

నేను రెండు రోజులు ఆలోచించాను. ఆలోచించిన కొద్దీ ఆ కోరిక న్యాయంగానే తోచింది. మామగారు నేసే చీరల అంచుల నిండా చిలకలే. కొంగు మీద చిలకలు, రవిక మీద చిలకలు. అన్ని చిలకల మధ్య పెరిగిన పిల్లకు మా రెండు గదుల ఇల్లు బోసిగా ఉండదా? మార్కెట్టులో పిట్టలు అమ్మేవాడి దగ్గరకు పోయి, మెడకు ఎర్రటి పట్టీ ఉన్న మంచి చిలకను ఏరుకుని, పంజరంతో సహా ఊరేగింపుగా వఠారానికి తెచ్చాను. భార్య మనసు ఇంత తొందరగా అర్థం చేసుకున్న భర్త బళేపేటలో మరొకడు లేడని దారిపొడుగునా అనుకున్నాను.

నాగరత్నమ్మ గుమ్మంలో కూర్చుని రంపానికి ఆకురాయితో పదును పెడుతోంది. పంజరాన్ని చూసింది. నన్ను చూసింది. అది దేనికని అడిగింది. మామ అడిగాడని, ఇది లేకపోవడం వల్లే పద్మ రాలేదని చెప్పాను. ఆమె రంపం పక్కన పెట్టి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా చాలాసేపు నవ్వింది. నవ్వు ఆగాక లేచి, నా చెయ్యి పట్టుకుని తన ఇంటి తలుపు దగ్గరకు తీసుకుపోయి, లోపలివైపున్న ఇనుప గడియను ముందుకూ వెనక్కూ జరిపింది.

"ఇదప్పా చిలక. మేమంతా దీన్ని చిలక అనేది."

"మరి పక్షిని ఏమంటారు, పెద్దమ్మా?"

"దాన్నీ చిలకే అంటాము. కాకపోతే దాన్ని తలుపుకు కొట్టము."

అప్పుడు నాకు అంతా ఒక్కసారిగా తేటపడింది. మా పెరటి మూలన బచ్చలిల్లు ఒకటి ఉంది, మనం స్నానాల గది అంటామే, అదే. దానికి ద్వారబంధం ఉంది, తలుపు లేదు. కట్టెలు దొరకని ఆ రోజుల్లో నాకన్నా ముందు ఆ ఇంట్లో ఉన్న పెద్దమనిషి తలుపును ముక్కలు చేసి, హండా కింద పెట్టి, ఆ తలుపుతోనే నీళ్ళు కాచుకుని, హాయిగా స్నానం చేసి ఇల్లు ఖాళీ చేశాడు. ద్వారానికి నేను ఒక గోనెపట్టా వేలాడదీశాను. నా ఒక్కడికీ అది రాజభవనమే. పద్మ ఉన్నన్నాళ్ళూ దాని వెనకే స్నానం చేసింది. గాలి వీస్తే ఆ పట్టా ఎటు పోతుందో నేను ఏనాడూ చూడలేదు. ఆమె నాతో ఏమీ అనలేదు. అమ్మతో అని ఉంటుంది. అమ్మ మామగారితో, మామగారు శెట్టితో, శెట్టి నాతో. అన్ని నోళ్ళు దాటి వచ్చిన మాట నా దగ్గరకు చేరి రెక్కలు కట్టుకుంది.

చిలక పెట్టాలంటే తలుపుండాలి, తలుపుండాలంటే వడ్రంగి ఉండాలి. ఊళ్ళో వడ్రంగి లేడు. చెయ్యి తిరిగిన ప్రతివాడూ యలహంక పోయి మిలిటరీవాళ్ళకు షెడ్లు కడుతున్నాడు. మిగిలిన ఒక ముసలాయనను వెతికి పట్టుకుంటే, యుద్ధం ముగిశాక కనపడమన్నాడు. నా కాపురం ఐరోపాలో ఎవరో ఎవరినో ఓడించడం మీద ఆధారపడి ఉందని తెలిసి, ఆ రోజునుంచి పేపరు శ్రద్ధగా చదవసాగాను. ఈ సంగతి నాగరత్నమ్మకు చెప్పి, జర్మనీవాళ్ళు లొంగేదాకా పద్మను చూడలేనేమో అన్నాను. ఆమె నవ్వలేదు. పంజరాన్ని తీసుకుపోయి భర్త అంగట్లో వేలాడదీసి వచ్చింది. ఆ చిలక అక్కడ గాజులు కొనడానికి వచ్చినవాళ్ళందరినీ నోటికొచ్చినట్టు పలకరిస్తూ వ్యాపారం పెంచింది. తర్వాత నాగరత్నమ్మ తన పెట్టెను మంచం కింద నుంచి లాగి నా ముందు పెట్టింది.

"ఆచారి లేడని ఏడ్చేది దేనికి? సామాను ఉండాది, చేతులుండాయి. మనమే చేస్తాము."

చెక్కలు మిలిటరీ వేలంలో దొరికాయి. ఏవో యంత్రాలు వచ్చిన పెద్ద పెట్టెలు. వాటి మీద నల్లటి ఇంగ్లీషు అక్షరాలతో ఈ వైపు పైన ఉంచాలి అని రాసి ఉంది. తలుపు పూర్తయ్యాక చూసుకుంటే ఆ అక్షరాలు తలకిందులుగా వేలాడుతున్నాయి. నాగరత్నమ్మకు ఇంగ్లీషు రాదు, నాకు వచ్చు. అందుకే తప్పు నాదని తేలింది. తీసి మళ్ళీ కొడదామంటే ఆమె ఒప్పుకోలేదు. స్నానానికి పోయేవాడు తలుపు చదవడానికి పోడు కదా అంది.

ఆ పనిలో ఆమె నాకు నేర్పింది చెక్కపని కాదు. ఏ పనికి ఏ పనిముట్టో దాన్ని పిలిచే ఓపిక. మొదటి రోజు తిరుపుళి కోసం గుడ్డలు విప్పే బద్ధకంతో, చేతిలో ఉన్న ఉలి అంచుతోనే మరమేకు తిప్పబోయాను. ఆమె చెయ్యి గద్దలా వచ్చి ఉలిని తన్నుకుపోయింది. ఉలితో మర తిప్పేవాడు అన్నం గరిటెతో పళ్ళు తోముకుంటాడని చెప్పి, ఉలి అంచును వెలుగుకు పట్టి చాలాసేపు చూసుకుంది, పడిన బిడ్డకు దెబ్బ తగిలిందేమోనని చూసినట్టు. తర్వాత ఒక్కొక్క సామానూ నా చేతికిచ్చి పేరు చెప్పించింది, దాని పని చెప్పించింది. పేరు తప్పితే వెనక్కి తీసుకునేది. చిలకను పిట్ట అనుకున్న మనిషికి ఆ మాత్రం పరీక్ష తప్పదన్నది ఆమె వాదన.

అంగడి నుంచి వచ్చి, చీకటి పడేదాకా పని. రంపం లాగితే నా గీత చిత్రావతి నదిలా వంకర్లు పోయేది. ఆమె మళ్ళీ గీసేది, నేను మళ్ళీ కోసేవాణ్ణి. కొన్నాళ్ళకు గీత ఆనేకల్ రోడ్డులా తయారైంది. అంటే అక్కడక్కడ గుంతలున్నా ఊరు చేరుతుంది. చిత్రిక పట్టడం మాత్రం నాకు మొదటినుంచీ ఇష్టంగా ఉండేది. చెక్క మీద నుంచి పల్చటి చుట్టలు లేచి కాళ్ళ దగ్గర పడుతుంటే, గుమాస్తాగా ఏళ్ళ తరబడి చేసిన పనంతటిలోనూ కనపడని ఫలితం అరగంటలో కనపడేది. వఠారంలో మగవాళ్ళు బయట నిలబడి, ఇది నిలిచే తలుపు కాదని జోస్యం చెప్పేవారు. నాగరత్నమ్మ వాళ్ళకు తలా ఒక చెక్క ఇచ్చి పట్టుకోమనేది. వెంటనే అందరికీ ఇంట్లో ఏదో పని గుర్తుకొచ్చేది.

తలుపు కొలిచేటప్పుడు మా ఇద్దరికీ గొడవ అయింది. ద్వారబంధంలో బిగువుగా సరిపోయేలా చెయ్యాలని నా పట్టు. ఆమె నారాయణప్పగారి అంగడి నుంచి ఒక జత గాజులు తెప్పించి, తలుపుకూ బంధానికీ మధ్య ఒక పక్క ఒకటి, ఇంకో పక్క ఒకటి దూర్చింది. ఆ గాజు మందం సందు చుట్టూ వదలమంది. సందులున్న తలుపు చూపిస్తే మా మామ నన్ను నేతకు కూడా పనికిరాడంటాడని మొత్తుకున్నాను.

"బచ్చల్లో నీళ్ళు పోసుకునేది నువ్వప్పా, తాగేది చెక్క. దానికీ కడుపు నిండేదానికి తావు పెట్టు."

సందు వదిలాము. నాకు నమ్మకం కలగలేదు. నిలబెట్టిన రోజున తలుపు దానంతటదే తెరుచుకుని, ఇంట్లోకి ఎవరైనా రండి అన్నట్టు వంగి నిలిచింది. బంధమే ఒక పక్కకు ఒరిగి ఉందని దారానికి రాయి కట్టి వేలాడదీస్తే తెలిసింది. కీళ్ళు విప్పి, పై కీలు కింద సన్నటి చెక్క పేడు పెట్టి, మళ్ళీ బిగించాము. ఈసారి నిలిచింది. ఎక్కడ వదిలితే అక్కడే నిలిచింది. నేను దాన్ని ఊరికే తెరిచి, ఊరికే మూసి, మళ్ళీ తెరిచి చూశాను. మనిషికి ఇంత చిన్న పనికి ఇంత గర్వం రావచ్చునా అని సందేహం వచ్చింది. రావచ్చుననే తేల్చుకున్నాను.

ఆఖరున గడియ. మరమేకులకు సబ్బు రాసి నా చేతికి ఇస్తూ, నాగరత్నమ్మ అప్పుడు ఒక మాట చెప్పింది. అడిగితే చెప్పింది కాదు. చేతిలో పని ఉన్నప్పుడు నోరు దానంతటది తెరుచుకునే మనిషి.

"నేను కాపురానికి వచ్చినప్పుడు ఈ వఠారానికంతా ఒకటే బచ్చలు. తలుపుండె, చిలక లేదు. ఒక చేత్తో తలుపు పట్టుకోని, ఇంకో చేత్తో నీళ్ళు పోసుకుంటా ఉంటిమి. తలంటు పోసుకోవాలంటే రెండు చేతులూ కావాల గదా. మగవాళ్ళకు చెప్తే నవ్విరి. మా ఇంటాయన నవ్వలేదు, సరే అనె, మర్చిపాయె. మళ్ళీ చెప్తిని, మళ్ళీ మర్చిపాయె. ఒకనాడు నేనే పోయి ఈ తిరుపుళి కొనుక్కొచ్చుకుంటిని. పెట్టెలోకి మొదట వచ్చింది ఇదే."

మర తిప్పడం ఆపకుండా తిప్పాను. ఆమె, గట్టిగా తిప్పు, ఇంకో అర చుట్టుంది అని మాత్రం అంది.

మామగారికి కబురు పంపాము. నాలుగు రోజులు ముసురు పట్టి, ఐదో రోజున కూడా చినుకు పడుతుండగా ఆయన గొడుగుతో దిగాడు. కాళ్ళు కడుక్కోమంటే తర్వాత అన్నాడు. మంచినీళ్ళు ఇస్తే పక్కన పెట్టాడు. నేరుగా పెరట్లోకి నడిచాడు. వఠారం మొత్తం ఆయన వెనక వచ్చి వరుసగా నిలబడింది. నాగరత్నమ్మ గాజులు పైకి తోసి కట్టుకుని సిద్ధంగా నిలబడింది, అవసరమైతే అప్పటికప్పుడు తలుపు మళ్ళీ చేస్తానన్నట్టు. మామగారు నేతచీరను పరీక్షించే తీరులో తలుపు అంచు వెంట వేలు నడిపాడు. ఆయన వేలికి సందు దొరకలేదు. నాలుగు రోజుల వాన తాగి చెక్క ఉబ్బి, గాజు మందం అంతా నిండి, తలుపు బంధానికి ఒక పోగు పట్టనంత దగ్గరగా నిలిచి ఉంది. నేను నాగరత్నమ్మ వైపు చూశాను. ఆమె ఆకాశం వైపు చూస్తోంది, వానను తానే తెప్పించినట్టు.

మామగారు గొడుగుతో సహా లోపలికి పోయి గడియ వేసుకున్నాడు. లోపలినుంచి తొయ్యమని ఆజ్ఞ వచ్చింది. నేను తోశాను. నా బలం అంతేనా అని అడిగాడు, ఇంకెవరన్నా ఉంటే పిలవమన్నాడు. నాగరత్నమ్మ భుజం ఆనించింది. అంగట్లోంచి నారాయణప్పగారిని పిలిపించాము, ఆయన కూడా మర్యాదగా ఒక చెయ్యి వేశారు. జోస్యం చెప్పిన మగవాళ్ళు ముగ్గురు నలుగురు, ఓడిపోయేది మేమని ఆశపడి, వచ్చి మనస్ఫూర్తిగా తోశారు. ఇంతమంది కలిసి ఒక బచ్చలింటి మీద దాడి చేయడం యుద్ధంలో ఇంకెక్కడా జరిగి ఉండదు. తలుపు కిర్రుమనలేదు. గడియ కదలలేదు. తర్వాత తలకిందులైన ఇంగ్లీషు అక్షరాల వెనకనుంచి మామగారి గొంతు వినిపించింది.

"సరే అల్లుడా. శుక్రవారం బిడ్డను పంపుతా. ఇప్పుడు లోపలుండాను గదా, నీళ్ళు కాచుండావా?"

కాచాను. ఆయన పాట పాడుకుంటూ స్నానం చేశాడు. ఆయనకు పాట వచ్చునని ఆ ఇంట్లో ఎవరికీ అంతవరకూ తెలియదట, తర్వాత పద్మ చెప్పింది.

శుక్రవారం పద్మ వచ్చింది. తలుపును చూసింది, గడియను వేలితో ఒకసారి జరిపింది, లోపలికి పోయి వేసుకుంది. నేను పెరట్లో ఏదో పని ఉన్నట్టు నటిస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి గాని బయటికి రాలేదు. వచ్చాక, ముందే నాతో ఒక్క మాట చెప్పి ఉండవచ్చు కదా అని నేను అడిగితే, తడి జుట్టు తువ్వాలులో చుట్టుకుంటూ, చిలకంటే ఏమిటో తెలియని మనిషికి ఎలా చెప్పేదని అడిగింది. వఠారంలో పుట్టిన పక్షి కథ అప్పటికే ఆనేకల్ దాకా పోయి తిరిగి వచ్చింది.

ఆ తర్వాత నాగరత్నమ్మా నేనూ కలిసి వఠారంలో గడియ లేని తలుపు లేకుండా చేశాము. కొన్ని వంకరగా వచ్చాయి, ఒకటి రెండు మళ్ళీ చేయాల్సి వచ్చింది, ఒక్కటి కూడా ఊడలేదు. యుద్ధం ముగిసింది, స్వరాజ్యం వచ్చింది, వడ్రంగులు కూడా తిరిగి వచ్చారు. మా వల్ల తమకు పని తగ్గిందని ఒకాయన నాతో మొరపెట్టుకున్నాడు. నాగరత్నమ్మ పోయి ఏడాది దాటింది. పెట్టె ఇప్పటికీ ఆ మంచం కిందే ఉంది. నారాయణప్పగారు నెలకోసారి అన్నీ విప్పి, నూనె రాసి, మళ్ళీ గుడ్డల్లో చుడతారు. అడిగినా ఎవరికీ ఇవ్వరు, నాకు కూడా. ఆమె ఉన్నప్పుడు మరిచిపోయినదంతా ఇప్పుడు గుర్తుపెట్టుకుంటున్నారని నేను అనుకుంటాను, ఆయనతో అనను. నా సామాను నేను కొనుక్కున్నాను.

నాకు మాత్రం ఒక చెడ్డ అలవాటు మిగిలింది. ఎవరింటికి పోయినా, కాఫీ వచ్చేలోపు ఏదో వంకతో పెరట్లోకి పోయి బచ్చలింటి తలుపు చూసి వస్తాను. గడియ ఉందా, ఉంటే లోపలివైపు ఉందా, వేస్తే పడుతుందా అని. లేకపోతే మరుసటి ఆదివారం తిరుపుళితో పిలవకుండానే పోతాను. పెళ్ళిచూపులకు తోడుపోయిన ఇంట్లో కూడా ఇదే చేశాను. ఏ ఇంట్లోనైనా మగవాళ్ళు నవ్వుతారు, నేనూ వాళ్ళకన్నా ఎక్కువ నవ్వించి, మర బిగిస్తూనే ఉంటాను. ఆడవాళ్ళు మాత్రం నవ్వరు. దీపం తెచ్చి దగ్గరగా పట్టుకుంటారు.